రెండు డబ్బాలంతే

అబద్ధం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఇరవై ఏళ్ళపాటు అమ్మిన ప్రతి తుపాకీకీ నిజం రాసి కట్టడం ఏ మనిషికీ సాధ్యం కాదు, థర్మన్ బీల్‌కి అయినా సరే. ఒక్కసారైనా చెయ్యి తడబడి ఉంటుంది. ఎనిమిది వేల తూటాలు కాల్చానని రాయబోయి, ఎదురుగా నిలబడ్డవాడి ముఖం చూసి, ఐదు వేలు అని రాసి ఉంటాడు. ఆ ఒక్కసారి ఇదే కావాలని నేను ఎంతగా కోరుకుంటున్నానంటే, నా చేతిలో భూతద్దం చెమటకి జారుతోంది.

వంటింటి బల్ల మీద పాత తువ్వాలు, దాని మీద విడదీసిన పిస్తోలు. ఆదివారం, చర్చి నుంచి వచ్చి అరగంట కాలేదు. నేనింకా టై కూడా విప్పలేదు.

"భోజనం ఆ బల్ల మీద పెట్టాలి నేను," అంది నడీన్ పొయ్యి దగ్గర నుంచి.

"పది నిమిషాలు."

"నిన్న కొన్నదేనా? ఎవరి దగ్గర?"

"థర్మన్ దగ్గర."

"ఓ, థర్మన్ దగ్గరా. అయితే మంచిదే," అని బీన్స్ గిన్నెలో గరిటె తిప్పుకుంది.

అదీ సంగతి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా పక్కన పడుకునే మనిషి. తుపాకుల సంతలో నేను అమ్మే సరుకు గురించి ఒక్కరోజు కూడా ఆమె నోట "అయితే మంచిదే" అన్న మాట రాలేదు.

మా ఊళ్ళో తుపాకుల సంత రెండు నెలలకి ఒకసారి, పశువుల ప్రదర్శన కొట్టంలో జరుగుతుంది. రంపపుపొట్టు ఊడ్చేసినా ఎద్దుల వాసన పోదు. నా బల్ల, థర్మన్ బల్ల పక్కపక్కనే. తొమ్మిదేళ్ళుగా నేను అతని బల్ల ముందు ఆగే చేతుల్ని చూస్తున్నాను. ముఖాలు కాదు, చేతులు. నా దగ్గర ఆగినవాడు ముందు జేబులోంచి చిన్న టార్చి తీస్తాడు. గొట్టంలోకి వెలుగు కొట్టి ఒక కన్ను మూసి చూస్తాడు. పిస్తోలు పైన జారే స్లైడు పట్టుకుని అటూ ఇటూ కదిపి చెవి దగ్గర పెట్టుకుంటాడు. "ఎన్ని కాల్చారు?" అంటాడు. "రెండు డబ్బాలంతే," అంటాను. డబ్బాకి యాభై తూటాలు. అతను నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. కొట్టంలో ఉన్న అరవై బల్లల దగ్గరా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఎలా ఉన్నావంటే బాగున్నానని చెప్పడం లాంటిది. దాన్ని అబద్ధం అనుకున్నవాడు లేడు, నమ్మినవాడూ లేడు. అలాగే అనుకుంటూ వచ్చాను.

అదే మనిషి రెండడుగులు పక్కకి వేసి థర్మన్ ముందు ఆగితే టార్చి జేబులోకి పోతుంది. అక్కడ ప్రతి తుపాకీకీ ట్రిగ్గరు కమ్మీకి దారంతో ఒక అట్టచీటీ వేలాడుతుంటుంది. ఎన్ని కాల్చాడు, ఏ స్ప్రింగు ఎప్పుడు మార్చాడు, ఎక్కడ పడేశాడు, అన్నీ పెన్సిలుతో రాసి ఉంటాయి. ఆగినవాడు చీటీ చదువుతాడు, తలాడిస్తాడు, చెయ్యి చాస్తాడు. గొట్టంలోకి చూడనే చూడడు. ఎద్దుని బేరమాడినట్టు నా సరుకుని పళ్ళు లెక్కపెట్టి మరీ చూసినవాడు, అక్కడ కళ్ళు మూసుకుని కొంటాడు.

అతను నాకంటే ఎక్కువ అమ్ముతాడని కాదు. చాలాసార్లు నేనే ఎక్కువ అమ్ముతాను. నాకు కావలసింది ఆ మూసుకునే కళ్ళు.

నిన్న పొద్దున అతని బల్ల చివర ఈ నలభై అయిదు క్యాలిబరు పిస్తోలు కనిపించింది. కొత్తగా నీలం పూత వేయించిన ఉక్కు, వాల్‌నట్ పిడి పలకలు. చీటీ మీద ఇలా ఉంది: "3,100. స్ప్రింగు రెండుసార్లు మార్చాను. ఎడమవైపు గీత నా తప్పే, గరాజు మెట్ల మీద పడేశాను."

స్లైడు పట్టుకుని కదిపాను. చాలా చిన్న చప్పుడు. కానీ నేను ఇరవై ఏళ్ళు క్లబ్బు పోటీల్లో ఇలాంటివాటితోనే కాల్చాను. మూడు వేల తూటాలకి ఆ చప్పుడు రాదు. నా ఛాతీలో ఏదో వెచ్చగా పాకింది. సంతోషమనే అనుకున్నాను అప్పుడు.

"నీకెందుకయ్యా ఇది?" అన్నాడు థర్మన్, కాఫీ కప్పు మూత తీస్తూ. "నీ బల్ల మీద ఇరవై పడున్నాయిగా. ఇంట్లో కిటికీ తలుపులకి అడ్డం పెట్టుకుంటావా?"

"నచ్చింది. ఎవరిది?"

"అమోస్ గ్రెబ్‌ది. అతను పోయాక వాళ్ళావిడ లొరీన్ నాకు అమ్మింది. అమోస్ దీన్ని కాల్చనే లేదు, ముస్తాబు చేయించి పెట్టెలో దాచుకున్నాడు. ఆ పెట్టెలోంచి బయటికొచ్చాక కాల్చిందంతా నేనే."

"నువ్వు లెక్కపెట్టావు."

"లెక్క పెట్టకపోతే నిద్ర పట్టదు. మా ఆవిడ అడుగు, మెట్లు కూడా లెక్కపెడతాను."

"మరి గరాజు మెట్లు ఎలా తప్పాయి?"

నవ్వాడు. బాగా నవ్వుతాడు, అది కూడా నాకు ఇష్టం లేదు. బేరం ఆడకుండా కొన్నాను. అతను కాస్త ఆశ్చర్యంగా చూశాడు. నేను కొంటున్నది పిస్తోలు కాదని అతనికి తెలియదు.

ఇప్పుడు భూతద్దం కింద గొట్టం వెనక స్లైడుని పట్టి ఉంచే గట్లు చూస్తున్నాను. పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రబడ్డాయి. తూటాని కొట్టే సూది బయటికి వచ్చే రంధ్రం చుట్టూ ఉక్కు గుంటలు పడి ఉంది. పైన వేసిన నీలం పూత అందంగానే ఉంది, కానీ పూత అంచుల్ని తిరిగి పదును చెయ్యలేదు. పది వేలు దాటింది. పన్నెండు అన్నా నమ్ముతాను.

"నడీన్, ఇలా చూడు."

"నాకు అందులో ఏం తెలుస్తుంది?"

"నీ థర్మన్ అబద్ధాలకోరు అని తెలుస్తుంది."

ఆమె గరిటె పట్టుకునే వచ్చింది. తువ్వాలు వైపు కాదు, నా వైపు చూసింది. "నా థర్మన్ ఎప్పటినుంచి అయ్యాడు?" అంది. "పుట్టినరోజు కేకు చూసిన పిల్లాడిలా ఉన్నావు, వెర్లిన్." తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఫోను తీశాను. నా గొంతు మామూలుగా ఉండాలని రెండుసార్లు మనసులో అనుకున్నాను. ఫోనులో అతని ముఖం కనపడదన్న అసంతృప్తి కూడా ఉంది.

"థర్మన్, ఇది మూడు వేలది కాదయ్యా."

"ఏది?"

"నిన్నటిది. విప్పి చూశాను. గట్లు అరిగిపోయాయి. పది, పన్నెండు వేలు కాల్చింది ఇది."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. ఆ నిశ్శబ్దం కోసమే నేను తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను. అది ఎంతసేపైనా ఉండనీ అనుకున్నాను.

"నువ్వు చూశావంటే నిజమే అయ్యుంటుంది," అన్నాడు. "నీకు అరుగుదల తెలిసినట్టు నాకు తెలియదు."

భూతద్దం తువ్వాలు మీద పెట్టాను.

"నేను కాల్చింది కచ్చితంగా మూడు వేలు," అన్నాడు. "దానికి ముందు వంద. అమోస్ పెట్టెలో చీటీ పెట్టాడు, 'అమ్మినవాడు రెండు డబ్బాలు కాల్చాడట' అని. ఎవరి దగ్గర కొన్నాడో రాయలేదు. లొరీన్‌కీ తెలియదు, అప్పుడే అడిగాను. నిజం చెప్పనా? మొదటిరోజే చేతికి కాస్త వదులుగా అనిపించింది. పాత తయారీ కదా అనుకున్నాను. ఎవరో మాటిచ్చి చెప్పారు, నా చేతిదేముంది అనుకున్నాను."

"ఎవరో."

"ఎవరైతేనేం. చీటీ కట్టింది నేను. పట్టుకురా, నీ డబ్బు నీకు ఇచ్చేస్తాను. వచ్చే సంతలో బల్ల దగ్గర అందరికీ చెబుతాను, నా చీటీ తప్పిందని. వేరేవాళ్ళ మాట మీద రాసినవి ఇంకా నాలుగున్నాయి. కొన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెప్పాలి." కాస్త ఆగాడు. "నువ్వు పట్టుకోకపోతే ఎంతమందికి ఇలా కట్టేవాణ్ణో. మంచి పని చేశావు వెర్లిన్."

ఫోను పెట్టేశాక కూడా దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. గెలిచాను. వచ్చే సంతలో అతను తన నోటితోనే తన చీటీ తప్పని చెబుతాడు. టార్చీలు అతని బల్ల ముందు కూడా బయటికి వస్తాయి. ఎంత కోరుకున్నాను దీన్ని. కానీ అతను ఆ మాట కూడా మామూలుగా చెప్పేశాడు, నా చేతిలోంచి లాక్కుని తన జేబులో వేసుకున్నట్టు. తప్పు ఒప్పుకోవడంలో కూడా నాకంటే ముందే ఉన్నాడు. అసూయకి ఎక్కడో ఒక అట్టడుగు ఉంటుందనుకునేవాణ్ణి.

చేతులకి ఏదో పని కావాలి. స్క్రూడ్రైవరు తీసుకుని కుడివైపు పిడి పలక విప్పడం మొదలుపెట్టాను. మిగిలింది కూడా చూసేద్దాం, ఎంత పాతదో పూర్తిగా తేలుద్దాం అనుకున్నాను. రెండు స్క్రూలు. వాల్‌నట్ పలక చేతిలోకి ఊడి వచ్చింది.

కింద ఉక్కు మీద గీతలున్నాయి.

పూత వేసినవాడు అక్కడ సానపట్టే శ్రమ తీసుకోలేదు, ఎవరూ చూడని చోటు కదా. నీలం గీతల్లోకి కూడా దిగింది. సూదితో గీసినవి. నిలువుగా నాలుగు, వాటిని కోస్తూ ఏటవాలుగా ఒకటి, పక్కన మళ్ళీ నాలుగు.

భూతద్దం అవసరం లేదు. నడీన్ కుట్టుపెట్టెలోంచి సూది తీసుకుని, ఇదే బల్ల దగ్గర కూర్చుని, వెయ్యి తూటాలకి ఒకటి చొప్పున ఒకప్పుడు వీటిని గీసింది నేనే. పోటీల్లో కాల్చేవాడికి లెక్క ఉండాలి, లేకపోతే స్ప్రింగు ఎప్పుడు మార్చాలో తెలియదు. ఏటవాలు గీత గీసేటప్పుడు సూది జారి చివర చిన్న వంకర తిరిగింది. ఆ వంకర ఇక్కడే ఉంది. అప్పట్లో నల్ల రబ్బరు పిడి, గురి చూసే సైటు వేరేది, మచ్చలు పడిన పాత పూత. అమోస్ దాన్ని పూర్తిగా వేరే మనిషిని చేశాడు. అమోస్ నా దగ్గర నాలుగైదు కొన్నాడు. ఇది ఎప్పుడు కొన్నాడో నాకు గుర్తు కూడా లేదు. ఏం అడిగాడో మాత్రం గుర్తు చేసుకోవక్కర్లేదు. అందరూ అడిగేదే. ఏం చెప్పానో కూడా.

అతను నవ్వాడా? నవ్వే ఉంటాడు అనుకున్నాను ఇన్నాళ్ళూ, అందరిలాగే. నవ్వి ఇంటికి వెళ్ళి, చీటీ మీద రాసి పెట్టెలో పెట్టుకున్నాడు. థర్మన్ ఆ చీటీ చదివి, వదులుగా ఉందన్న తన చేతిని కాదని, ఆ మాటనే నమ్మాడు. నా మాట ముందు కళ్ళు మూసుకున్నవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడు పోయాడు, రెండోవాడు థర్మన్.

నిజం నాకు ఎప్పుడూ తెలుసు. గీసి పెట్టుకున్నాను కూడా. పలక కింద.

ఇంకో సంగతి కూడా నాకు ఆ క్షణంలోనే తెలిసింది. దాన్ని ముందుగా ఆలోచించినందుకు నన్ను నేను చూసుకున్నాను, అద్దంలో ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు. పలక తిరిగి బిగించేస్తే సరిపోతుంది. అమోస్ లేడు. లొరీన్‌కి తెలియదు. చీటీ మీద పేరు లేదు. థర్మన్ సంతలో నిలబడి తప్పు నాదే అంటాడు, పక్క బల్ల వెనక నేను కాఫీ తాగుతూ వింటాను. వెన్ను తట్టినా తడతాను.

పలక తీసుకుని చోటులో పెట్టాను. సరిగ్గా కూర్చుంది. ఒక స్క్రూ సగం తిప్పాను.

"ఇంకా అవ్వలేదా?" అంది నడీన్. కంచాలు చేతిలో పట్టుకుని నిలబడింది. "ఏమన్నాడు థర్మన్?"

"తన తప్పే అన్నాడు."

"నిజమేనా?"

తలెత్తి ఆమె వైపు చూశాను. ఆమె కంచాలు దింపలేదు. నేను చెప్పేది వింటానికే నిలబడిందని తెలుస్తోంది, ఏది చెప్పినా సరే వింటుంది. టార్చి లేకుండా. ఆమె ఎప్పుడూ ఇలాగే నిలబడేదా, నేనే చూడలేదా అన్నది తేలలేదు.

స్క్రూ వెనక్కి తిప్పాను. పలక తీసి తువ్వాలు పక్కన పెట్టాను.

"ఇది నాది నడీన్. అమోస్‌కి నేనే అమ్మాను. వంద తూటాలే కాల్చానని చెప్పాను."

"అసలు ఎన్ని?"

"తొమ్మిది వేలు."

ఆమె కంచాలు కౌంటరు మీద పెట్టింది. "బీన్స్ చల్లారిపోతాయి," అంది. "కానీ పర్లేదు, మళ్ళీ వేడి చేస్తాను." అక్కడి నుంచి కదల్లేదు.

థర్మన్ చీటీ దారం ముడి విప్పాను. గట్టి ముడి, గోళ్ళతో చాలాసేపు పట్టింది. అతని అంకెలు చిన్నవి, నిటారుగా ఉన్నాయి, తుడిచి దిద్దిన చోటు ఒక్కటీ లేదు. వాటి కింద రాయడానికి ఒక్క వేలెడు జాగా మిగిలింది. అతని చీటీ మీద నా రాత వంకరగా కనపడుతుందని ఆ సమయంలో కూడా అనిపించింది. కొత్త అట్ట తీసుకుందామా అనుకున్నాను, నాకంటూ ఒక చీటీ. వద్దనుకున్నాను.

ఫ్రిజ్ మీద ఉన్న పెన్సిలు నడీనే అందించింది. 3,100 లో వందని కొట్టేసి, కింద రాశాను: "దీనికి ముందు 9,000. నేను కాల్చినవి. వెర్లిన్ ఆక్స్లీ." తొమ్మిది కాస్త పెద్దదైంది.

చీటీని ట్రిగ్గరు కమ్మీకి తిరిగి కట్టి, ముడి బిగించాను.