వియ్యపురాలి కళ్లద్దాలు

మా ఊరు మర్గిలాన్‌లో ఆడవాళ్ల విందు జరిగితే నన్ను పిలవకుండా ఉండరు. మగవాళ్ల విందులకు మగ విదూషకులున్నారు, వాళ్ల గోల వాళ్లది. ఆడవాళ్ల వైపు మాత్రం ఈ హోసియత్ రావాలి. నా జోడీ అదోలత్ దోయిరా డప్పు వాయిస్తుంటే నేను నడుముకు శాలువా బిగించి, పాట మీద పాట పాడి, మధ్యలో ఎవరో ఒకరి నడకా మాటా దింపి చూపించాలి. రొట్టెలమ్మే ఆవిడ బేరం, పై వీధి కోడలి వయ్యారం, మా ఆయన గురక, అన్నీ నా సరుకే. నేను ఎవరిని అనుకరిస్తే వాళ్లు లేచి ఒక చుట్టు నాట్యం చేయాలి. చేశారంటే మనసులో ఏమీ పెట్టుకోలేదని అర్థం.

మాకు ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఏడాది తిరగని చావు ఉన్న ఇంటివాళ్లనీ, మాతో మాటల్లేనివాళ్లనీ అనుకరించం. పక్కింటి బసోరత్ నా పట్టు గౌను అరువు తీసుకుని నూనె మరకతో తిరిగిచ్చింది. ఆరోజు నుంచి ఆమె జోలికి పోలేదు. నేనెవరిని వదిలేశానో చూసి, ఎవరితో చెడిందో ఊరు ఊరంతా పసిగట్టేస్తుంది.

అలాంటి నాకు ఒక్కగానొక్క కూతురు ముకర్రమ్. దాన్ని లెక్కల టీచరు సనోబర్‌గారి అబ్బాయికి ఇచ్చాను. సంబంధం కుదిరిందనగానే అందరూ అడిగింది ఒకటే, "ఆ ఇంట్లో మీ పిల్ల ఎలా నెగ్గుకొస్తుందే?" అని. సనోబర్ కళ్లద్దాల పైనుంచి ఒక్క చూపు చూసిందంటే టీనీళ్లు మరిగే సమోవర్ కూడా నోరు మూసుకుంటుంది. పైగా నా కూతురికి నా వృత్తంటే చిన్నప్పటి నుంచీ సిగ్గని నా అనుమానం. నేను ఆడుతుంటే అది వెనక వరసలో తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేది.

పెళ్లయిన వారానికి అత్తింటివాళ్లతో కలిసి పిల్ల మొదటిసారి పుట్టింటికి రావడం, మేం విందు పెట్టడం ఆచారం. రాగానే ముకర్రమ్ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను, మా అత్తగారిలా మాత్రం చేసి చూపించకు."

"ఏం, నిన్నేమైనా అందా?"

"ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది. వారంలో ఆవిడ నవ్వడం నేను చూళ్లేదు. నువ్వు ఆడేసి చేతులు దులుపుకుంటావు. ఆ ఇంట్లో ఉండాల్సింది నేను."

గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాను.

విందు మొదలైంది. వియ్యపురాలికి టీ నా చేత్తో పోశాను. గిన్నెలో రెండు గుక్కలే పోశాను. ఎంత తక్కువ పోసి ఎన్నిసార్లు మళ్లీ పోస్తే మా దగ్గర అంత గౌరవం మరి. అదోలత్ డప్పు అందుకుంది, నేను శాలువా బిగించాను. పిండిబస్తా మొయ్యమంటే మా ఆయనకు వచ్చే నడుంనొప్పి చూపించాను. తర్వాత సనోబర్ చెల్లెలిని పట్టుకున్నాను. ఆవిడ ఎక్కడికెళ్లినా మనవల కోసమంటూ మిఠాయిలు గౌను చేతిమడతల్లో దోపుకుంటుంది. అందరూ పొట్టలు పట్టుకున్నారు. పాపం ఆవిడ లేచి నాట్యం చేస్తుంటే నిజంగానే చేతిమడతలోంచి మూడు మిఠాయిలు రాలాయి!

ఒక్కొక్కరు అయిపోతున్నకొద్దీ ఆడవాళ్ల చూపులన్నీ సనోబర్ వైపే తిరుగుతున్నాయి. అదోలత్ అయితే డప్పు తీసుకెళ్లి ఏకంగా ఆవిడ ముందే వాయించింది. నేను గుడ్లురిమి దాన్ని ఇటు లాక్కొచ్చాను. సనోబర్ మొహం అంతకంతకూ బిగుసుకుపోతోంది. సమోసా ముట్టలేదు. ఊరివాళ్లను చేస్తేనే ఇలా ఉంటే, ఈవిణ్ణి చేస్తే ఇల్లు పీకి పందిరేసేదే, మంచిపని చేశాను అనుకున్నాను.

అంతలో ఆవిడ టీగిన్నె బోర్లించి లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టింది.

"అప్పుడే లేచారేంటి వదినగారూ? పులావు దించుతున్నాం."

"మీరు తినండి. అక్కర్లేనివాళ్లం, మాకెందుకు?"

"అయ్యో, అదేం మాట!"

"మా చెల్లెల్ని చేశారు. మా పక్కింటావిణ్ణి చేశారు. ఆఖరికి మా పాలవాడి గాడిదని కూడా వదల్లేదు. నా దగ్గరికొచ్చేసరికి మీ ఒళ్లు బరువెక్కింది. నేనేమైనా చచ్చానా? లేకపోతే నాతో మీకు మాటల్లేవా? పిల్లనిచ్చిన వారానికే నన్ను తీసుకెళ్లి, మీతో మాటల్లేని ఆ బసోరత్ సరసన చేర్చారు. మీ పద్ధతి ఈ ఊళ్లో ఎవరికి తెలీదు?"

పిల్ల మీద బెంగలో నా కట్టుబాటు నేనే మరిచిపోయాను. ఇప్పుడు చేస్తే అడిగించుకుని చేసినట్టు. కూతురు వద్దందని చెబితే దాని కాపురంలో నిప్పులు పోసినట్టు. ఊరందరినీ నవ్వించే హోసియత్ నడిగదిలో దిష్టిబొమ్మలా నిలబడిపోయింది.

ముకర్రమ్ అప్పటిదాకా గోడవారగా, కొత్తకోడలి ముసుగులో తల వంచుకుని ఉంది. టీకూజా కింద పెట్టింది. ముసుగు వెనక్కి తోసింది. చేతులు వెనక్కి కట్టుకుని గది మధ్యకు నడిచొచ్చింది.

ఆ నడక చూడగానే అదోలత్ చేతిలో డప్పు ఆగిపోయింది. అచ్చం సనోబర్! ముకర్రమ్ కిటికీ గట్టు మీద వేలితో గీసింది. వేలు చూసింది. లేని కళ్లద్దాల పైనుంచి నన్ను చూసింది. మళ్లీ వేలు చూసింది.

"వదినా, ఈ దుమ్ము పోయినేడాదిదా, ఈ ఏడాదిదా? చూసి చెప్పండి."

తర్వాత అటూ ఇటూ చూసి, చక్కెర గిన్నె మూత చప్పుడు కాకుండా ఎత్తి, ఒక ముక్క బుగ్గన పెట్టుకుంది. మూత పెట్టేసి, బుగ్గ అలాగే ఉబ్బించుకుని వేలెత్తింది.

"తీపి తింటే పళ్లు పుచ్చిపోతాయి. ఎన్నిసార్లు చెప్పాలి?"

అందరూ సనోబర్ వైపు చూశారు. నేను మాత్రం నా కూతుర్నే చూశాను. మాట మధ్యలో అలా ఆగడం నాది. నవ్వు వచ్చేముందు ఒక్క క్షణం భుజం బిగించడం నాది. తలగుడ్డ చాటున ఇన్నేళ్లూ ఈ పిల్ల సిగ్గుపడలేదు, నేర్చుకుంది.

సనోబర్ ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేకుండా, తివాచీ తొక్కుకుంటూ కోడలి ముందుకొచ్చి నిలబడింది. అద్దాల పైనుంచి చూసింది. ఆవిడ నెమ్మదిగా కళ్లద్దాలు తీసి కోడలి ముక్కు మీద పెట్టింది.

"అద్దాల్లేకుండా నేనెలా అవుతానే? మళ్లీ మొదట్నుంచి చెయ్యి. చక్కెర నేను ఒకటి తీయను, రెండు తీస్తాను."

పైకప్పు లేచిపోయేలా నవ్వారు. సనోబర్ కూడా నవ్వింది, వంకర పళ్లు కనిపించేలా నవ్వింది! తర్వాత తనే ఒక చుట్టు నాట్యం చేసింది. అద్దాల్లేక కళ్లు కనపడక ఒకసారి అదోలత్ మీదా, ఒకసారి తలుపు మీదా పడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వెళ్తూ వెళ్తూ చెప్పింది, "శుక్రవారం మా ఇంట్లో విందు. మీరు ఊరికే కూర్చుని తినండి వదినా. నవ్వించడానికి మాకు కోడలుంది."

శుక్రవారం వెళ్లాను. ముకర్రమ్ నడుముకు శాలువా బిగించి, చెయ్యి తిప్పుతూ, మాట్లాడుతూనే పులావు పళ్లెం వైపు దొంగచూపులు చూస్తూ వచ్చింది. నన్నెవరూ ఎప్పుడూ చేయలేదు కాబట్టి, అది నేనేనని తెలుసుకోవడానికి కాస్త టైం పట్టింది. సనోబర్ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏం వదినా, లేవరేం?"

లేచి ఒక చుట్టు ఆడాను.