మేడమ్ పెట్టుకున్న అర్జీ

మా మంత్రిగారు తన చేత్తో కారు తలుపు తీసి ఆరేళ్లయింది. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని ఆయన నమ్మకం. తెరిచేది నేను, ఆయన ఆంతరంగిక కార్యదర్శిని. ఆయనకున్న బరువల్లా కుర్చీ ఊడుతుందేమోనన్న బెంగ. ప్రభుత్వాన్ని నడిపే పెద్దాయన పొద్దున నవ్వలేదంటే ఆ పూట ఈయనకు ముద్ద దిగదు.

సంతకాలన్నీ కార్లోనే. నేను కాగితం అడుగు భాగం మాత్రం పైకెత్తి పట్టుకుంటాను. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే "పరిశీలించి తగు చర్య తీసుకోగలరు" అని గీకేస్తారు. పైనేముందో చూసే అలవాటు లేదు.

ఆయన భార్య, మా మేడమ్, మూడు వారాలుగా ఆయనతో పది నిమిషాల కోసం నా చుట్టూ తిరిగారు. "తమ్ముడూ, ఇవాళైనా కుదురుతుందా?" నా డైరీలో ఖాళీ ఉంటేగా! చివరికి సోమవారం ఉదయం సొంత ఇంటి గేటు దగ్గర, అర్జీదారుల వరసలో నిలబడి, నా చేతికో కాగితం ఇచ్చారు.

"గురువారం పదింటికి నాకు కడుపులో గడ్డకి ఆపరేషన్. మత్తు ఇచ్చేదాకా చెయ్యి పట్టుకుని పక్కనుండండి. భయంగా ఉంది."

దాన్ని అన్నిటికన్నా పైన పెట్టాను. ఆయన ఫోన్లో ఉన్నారు. "మంత్రివర్గ మార్పుల జాబితాలో నా పేరుందా?"

"సార్, ఇది మేడమ్..."

ఆగమని వేలెత్తారు. గీకేశారు. సంతకమైన కాగితాన్ని ఆపే దమ్ము నాకెక్కడిది? సిగ్గుచేటే, ముద్ర కొట్టి ఆరోగ్యశాఖకు పంపాను. గురువారం గుర్తుచేయబోతే మళ్లీ అదే వేలు. ఆపరేషన్ వేళకి ఆయన పెద్దాయన గది బయట పడిగాపులు పడుతున్నారు.

శుక్రవారం నివేదిక వచ్చింది. ఈసారి కాగితం మొత్తం ఆయన ఒళ్లో పరిచాను.

"అర్జీదారు చెయ్యి 9.40 నుంచి 10.15 వరకు మా అధికారి పట్టుకోవడమైనది. ఆపరేషన్ సజావుగా ముగిసినది. ఫైలు మూసివేతకు అనుమతి కోరడమైనది."

కింద అర్జీదారు అభిప్రాయం, మేడమ్ చేతిరాతలో: "వచ్చినాయన మంచివాడు. ఫోన్ ఎత్తలేదు. ఇకమీదట మా ఇంటాయన్ని ఇబ్బంది పెట్టనక్కర్లేదు."

ఆయన కలం ఆగిపోయింది. ఒళ్లో ఫోన్ మోగుతూనే ఉంది.

"ఆసుపత్రికి పోనివ్వు," అన్నారు డ్రైవర్‌తో.

కారు ఆగింది. నేను దిగలేదు. ఆయన చెయ్యి తలుపు మీద పైకీ కిందకీ తడుముకుంది.

"ఇదెలా తీస్తారయ్యా?" అన్నారు.