దాపల షాకు, వలపల షాకు

గ్రేస్‌కు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏ వస్తువైనా చప్పుడు చేసిందంటే, ఆ చప్పుడు ఎక్కడ పుట్టిందో కళ్లతో చూసేదాకా అన్నం సయించదు. ఆరేళ్ల వయసులో పాస్టరుగారి రేడియో విప్పి వీపు విమానం మోత మోగించుకుంది. ఇప్పుడు చిలుకూరు బడిలో పిల్లలకు సైన్సు చెబుతున్నా ఆ బుద్ధి మాత్రం అలాగే ఉంది. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు కదా, ఆ బాపతు.

అలాంటి మనిషి చేతికి సెకండ్ హ్యాండ్ కారు వచ్చింది. గుంటలో దిగినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టక్కుటక్కుమని ఏదో కొట్టుకునేది. ఎప్పుడెప్పుడు విప్పి చూద్దామా అని గ్రేస్‌కు సరదాగానే ఉండేది. పక్క సీటులో కూర్చున్న తల్లి సారమ్మకు మాత్రం అది నరకం. పోయిన వానాకాలంలో మెట్ల మీద జారిపడితే సూర్యాపేట దవాఖానాలో ఆమె వెన్నుపూసకు ఆపరేషన్ చేశారు. కుదుపులు తగలనివ్వద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

సారమ్మ ఇల్లు కదలకుండా ఉండేదే. కానీ నేరేడుచర్లలో ఉన్న చెల్లెలు రంగికి పక్షవాతం వచ్చింది. మిర్యాలగూడ దవాఖానావాళ్లు ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ కబురు విన్న మరుసటి ఆదివారమే గ్రేస్ తల్లిని ఎక్కించుకుని కోదాడ నుంచి బయలుదేరింది. హుజూర్‌నగర్ కూడా రాకముందే, ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర సారమ్మ పళ్ల బిగువున ఆపుకున్న ఏడుపు బయటికొచ్చేసింది.

"తిప్పు బిడ్డా. నాతోని కాదు," అంది.

కారు వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి సారమ్మకు కూడు లేదు, కునుకు లేదు. పలకరించడానికి ఎవరొచ్చినా ఒకటే మాట, రంగి బతికుండగా చూస్తానో లేదోనని. కిరాయి కారు మాట్లాడదామని మొగుడు ఏసుపాదం అంటే, ఏ కారైనా ఎత్తేసేదే, ఎక్కనంటే ఎక్కనని మొండికేసింది.

గ్రేస్ బయటికి వెళ్లి కారు ముందు నిలబడింది. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలింది. కారు ఎగిరి, దిగి, మళ్లీ ఎగిరి, తలాడించే గంగిరెద్దులా చాలాసేపు ఊగింది. ఎందుకు ఆగడం లేదు? స్ప్రింగుకు ఎగరడమే తెలుసు, ఆగడం తెలియదు. దాన్ని ఆపాల్సింది మధ్యలో ఉండే నూనె గొట్టం. షాక్ అబ్జార్బర్, మెకానిక్‌ల మాటలో షాకు. అదే చచ్చిపోయింది. గొట్టం మీద కారిన నూనెకు దుమ్ము అంటుకుని పేరుకుపోయి ఉంది. అది చూశాక గ్రేస్‌కు ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, ముందల షాకులు మారిస్తే కుదుపు తగ్గుతది. నేనే మారుస్త. ఎక్కి సూడు, నొస్తే అక్కడ్నే దిగు," అంది.

"నువ్వా?" అంది సారమ్మ.

మెకానిక్ నాలుగు రోజులాగమన్నాడు. రంగి నాలుగు రోజులు ఆగుతుందో లేదో ఎవరికి తెలుసు? అయినా నిజం చెప్పాలంటే, మెకానిక్ వెంటనే వస్తానన్నా గ్రేస్ రానిచ్చేది కాదేమో. దాని కడుపులో ఏముందో తానే చూడాలి మరి.

సూర్యాపేటలో స్పేర్ పార్టుల దుకాణం నడిపే యోగేష్ ఆమె మాట విని కాసేపు బుగ్గన చెయ్యి పెట్టుకున్నాడు.

"అక్కా, స్ప్రింగు నొక్కుడు మాత్రం ఇంట్ల పెట్టుకోకు. అది జారి తగిలితే మనిషి దక్కడు. స్ప్రింగుతోని సహా నేనే బిగించి ఇస్త. నువ్వు పాతయి ఇప్పి ఇయి నిలవెట్టుకో, సాలు," అన్నాడు. రెండు అట్టపెట్టెల మీద పెద్దగా ఎల్, ఆర్ అని రాసి చేతికిచ్చాడు.

రెండో శనివారం పొద్దున పని మొదలైంది. సారమ్మ తన చెక్కమంచం వరండాలోకి జరిపించుకుని, పక్కకు ఒత్తిగిలి పడుకుని చూస్తోంది. గ్రేస్ జాకీ ఎత్తి, చక్రాలు ఊడదీసి, జాకీ జారినా కారు మీద పడకుండా కింద రెండు వైపులా మొద్దులు పెట్టింది. నేల మీద పడుకోవడానికి అట్టపెట్టెలు చింపి పరవమని తండ్రికి చెప్పింది.

"మరి ఏది ఎటుదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు ఏసుపాదం. జీవితమంతా ఎడ్లబండి తోలిన మనిషి. చదువు రాదుగానీ జాగ్రత్త జాస్తి.

"ఎల్ అంటే ఎడమ, నాయినా. సుద్దతోని గుర్తు పెట్టు."

"ఎడమంటే దాపల. అట్ల సెప్పు," అని ఆయన ఎల్ పెట్టెలోని షాకు మీద ఒక గీత, రెండో దాని మీద రెండు గీతలు గీశాడు. ఎడ్లబండికి ఎడమన కట్టేది దాపలెద్దు, కుడిన కట్టేది వలపలెద్దు. ఆ లెక్క ఆయన నిద్రలో లేపి అడిగినా తప్పడు. బానెట్‌కు ఎదురుగా నిలబడి, దాపలదాన్ని తన ఎడమ చేతి వైపు, వలపలదాన్ని కుడి చేతి వైపు చక్రాల పక్కన ముచ్చటగా పెట్టాడు.

పాత బోల్టులు తుప్పు పట్టి మొరాయించాయి. గ్రేస్ పానా మీద కాలేసి తొక్కింది. రెండో తొక్కుకు బోల్టు కిర్రుమని కదిలింది. ఆ చప్పుడు ఆమె చెవులకు కీర్తనలా ఉంది. పైన బానెట్ లోపల నట్లు విప్పగానే పాత షాకు ఒళ్లో పడింది. గొట్టం పొడవునా నూనె కారి జిడ్డుతో నల్లగా ఉంది. కొత్తది కొత్త అల్లుడిలా మచ్చ లేకుండా మెరుస్తోంది.

"సూసినవా అమ్మా, తేడా?" అంది.

"సూస్తున్నగని, రంగి కాడికి పోయేది రేపేనా?" అంది సారమ్మ.

కొత్త షాకు నిలబెట్టి కింద బోల్టులు రెండూ బిగించింది. చక్కగా కూర్చున్నాయి. కానీ బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టాన్ని పట్టుకునే రేకు ఉండాల్సిన చోట లేదు. అవతలి వైపుకు తిరిగి ఉంది. గొట్టం అక్కడిదాకా అందడం లేదు. లాగితే తెగుతుంది. బ్రేకు గొట్టం తెగితే ఇక అమ్మను ఎక్కించే మాటే లేదు.

గ్రేస్ వెల్లకిలా పడుకుని, బోర్లా పడుకుని, టార్చి వేసి చూసింది. వేరే కారుది ఇచ్చాడేమోనని యోగేష్‌కు ఫోన్ చేసింది.

"ఎడమది ఎడమకే పెట్టినవా అక్కా?"

"ఎడమకే పెట్టిన. నాయినే గుర్తు పెట్టిండు."

"అట్లయితే కూసోవాలె గదా మరి," అన్నాడు యోగేష్.

ఏసుపాదం కూడా వంగి చూసి, ఒక గీత దాపలకే ఉందని సాక్ష్యం చెప్పాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఒకరన్న మాటకు ఒకరు వంత పాడుతున్నారే తప్ప అసలు ఎడమేదని అడిగినవాళ్లు లేరు. గ్రేస్ పానా కింద పెట్టేసింది. పాత షాకు విప్పేసింది, కొత్తది కూర్చోదు, రేపే ఆదివారం. తల్లి వైపు చూడడానికి మొహం చెల్లలేదు.

"ఏమయ్యా, దాపలది అంటున్నవ్. గదెట్ల దాపలైతది?" అంది మంచం మీద నుంచి సారమ్మ.

"నలబై ఏండ్లు బండి తోలిన. నాకు నేర్పుతున్నవా?"

"నువ్వు తోలినవ్. ఎన్కనించి తోక సూసినవ్. కుడితి పెట్టింది నేను. ఎదురుంగ నిలవడి బకెట్ పెడుతుంటే దాపలెద్దు ఎప్పుడు నా కుడి చేతి దిక్కే ఉండె. నువ్వు బండికి ఎదురుంగ నిలవడి దాపల అంటవేంది?"

ఏసుపాదం కారును చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. మెల్లగా నడిచి కారు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అక్కడి నుంచి ఎడమ చెయ్యి చాచాడు. అది రెండు గీతల షాకు వైపు చూపించింది.

గ్రేస్ కింద పడుకునే కడుపు పట్టుకుని నవ్వింది. అద్దంలో కుడి ఎడమవుతుందని పోయిన వారమే ఎనిమిదో తరగతికి పాఠం చెప్పి, అర్థం కానివాళ్లను నిలబెట్టి మరీ వచ్చింది. సారమ్మ కూడా నవ్వబోయి, నడుం కలుక్కుమని ఆగిపోయింది.

షాకులు మార్చుకున్నాక పని చకచకా సాగింది. రేకు గొట్టం పక్కకే వచ్చి కూర్చుంది. కారు కిందికి దించి గ్రేస్ బానెట్ నొక్కి వదిలింది. కారు ఒక్కసారి పైకి లేచి ఆగింది. నమ్మకం కలగక మళ్లీ నొక్కింది. ఆ ఆగడం చూడడం కోసమే ఇంకా నాలుగుసార్లు నొక్కింది. సాయంత్రం బజారుకు వెళ్లి చక్రాల అలైన్‌మెంట్ చేయించుకుని, ఖాళీ కారును పాత గుంటలన్నిట్లోనూ దించి బ్రేకులు చూసుకుని వచ్చింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురూ బయలుదేరారు. మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చేసరికి గ్రేస్ కారును నడక వేగానికి తెచ్చింది. కారు ఎక్కింది, దిగింది.

"నొచ్చిందా అమ్మా?"

"జర నొచ్చింది. ఏడుపొచ్చేటంత కాదు. పోనియ్," అంది సారమ్మ.

నేరేడుచర్లలో రైసుమిల్లుల వెనక సందులో రంగి ఇల్లు. రంగికి ఒక పక్క పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. కోడలు నీలా పొద్దున్నే నాట్లకు పోతే సాయంత్రం దాకా నోట్లో నీళ్లు పోసే దిక్కు లేదు. ఆదివారం కాబట్టి ఆ పూట ఇంట్లో ఉంది. సారమ్మ గోడ పట్టుకుని నడిచి వెళ్లి, మంచం మీద చెల్లెలి పక్కనే ఒరిగింది. రంగి కంట్లోంచి నీళ్లు కారాయి. బాగున్న చేత్తో అక్క కొంగు పట్టుకుంది.

ఎండ చల్లబడ్డాక గ్రేస్ లేచింది. "పోదామా అమ్మా?"

"నేను రాను."

"అదేంది?"

"రంగి కాడికి తీసుకపో అన్న. మల్ల తీసుకరమ్మని ఎప్పుడన్న అన్ననా?" అంది సారమ్మ. "వంగలేను గని, పక్కన కూసోని గంజి పొయ్యలేనా?"

గ్రేస్ తండ్రి వైపు తిరిగింది. ఏసుపాదం అప్పటికే డిక్కీలో నుంచి మందులూ చీరెలూ ఉన్న సంచి తెచ్చి గడప దగ్గర పెడుతున్నాడు.

"నీకు తెల్సా నాయినా?"

"పొద్దుగాల సంచి సర్దుతుంటే తెల్సింది. నీకు సెప్పొద్దన్నది. సెప్తే కారు తియ్యవని."

గ్రేస్ ఆ సంచి వైపు చూసింది. టక్కుమన్న ప్రతి చప్పుడుకూ కారణం వెతికిన మనిషికి, తల్లి ఇన్ని రోజులూ నోరు కట్టేసుకుని ఏం అనుకుంటోందో అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు. కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది, ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"నీ నడుమో?" అంది చివరికి.

"నా నడుముకేం తొందర లేదు బిడ్డా, అది ఉంటది. రంగి ఉండదు," అంది సారమ్మ. చెల్లెలి తల మీది వెంట్రుకలు సవరిస్తూ, "దీని పని అయినంక కబురు పెడ్త. అప్పుడొచ్చి తీసుకపో," అంది.