పెద్దమ్మ గుండెలో మగ్గాలు

ఉదయం ఏడు కాగానే పెద్దమ్మ గుండెలో మగ్గాలు మొదలయ్యేవి. మిల్లు మూతపడి పదకొండేళ్ళయినా వాటికి ఆ కబురు అందలేదు. టకటకమంటూ పన్నెండు దాకా ఆడి, అన్నాలవేళ అరగంట ఆగి, మళ్ళీ అయిదున్నర దాకా. ఆ మోత విని వీధిలో వాళ్ళు పిల్లల్ని బడికి తయారుచేసేవాళ్ళు. పక్కింటాయన మాత్రం రేడియో పెట్టుకుని, "పెద్దమ్మా, కాస్త దుప్పటి కప్పుకో, ధరలు చెబుతున్నాడు!" అని గోడమీంచి చేతులూపేవాడు.

"నేను కప్పుకుంటే దిగొస్తాయేంట్రా?" అనేది పెద్దమ్మ, అతని పెదాలు చూసి.

మిల్లులో పనిచేసిన వాళ్ళంతా అంతే. షెడ్డులో చెవులకు పని లేదు. పెళ్ళి కబుర్లూ, తిట్లూ, ప్రేమలూ అన్నీ పెదాల మీదే నడిచేవి.

ఆ రోజు లైబ్రరీ అమ్మాయి రికార్డరు పట్టుకొచ్చింది. మిల్లు మనుషుల జ్ఞాపకాలు వాళ్ళ గొంతుల్లోనే దాచిపెడుతోంది. సాయంత్రం బండిలో అన్నీ పట్నం పోతాయి, అదే ఆఖరు గడువు. పాత యాక్సిడెంట్లు చూసినవాళ్ళు అందులో సొంత గొంతుతో చెబితే, రిజిస్టరులో తప్పుగా రాసింది కొట్టేస్తామని ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. రాతకోతలు మాత్రం చెల్లవు.

"పన్నెండుకు వస్తానండీ, మోత ఆగుతుంది కదా," అంది అమ్మాయి.

"ఇప్పుడే కానీ," అంది పెద్దమ్మ. మోతలో అయితే ఎవరికీ తెలియదు. కనీసం ఒక్కసారైనా మనసులో బరువు దింపుకోవచ్చు.

చెప్పడం మొదలెట్టింది. "ఆ చెయ్యి పోవడంలో దాని తప్పేం లేదు. మగ్గం ఆపకు, నడుస్తుండగానే చెయ్యి పెట్టి దూది తియ్యి అని మేస్త్రీ అన్నాడు. ఎదురు మగ్గం దగ్గర్నుంచి ఆ పెదాలు చూశాను. ఎంక్వయిరీలో అడిగితే, అంత మోతలో ఏం వినపడుతుందయ్యా అన్నాను. మర్నాడు నాకు కిటికీ పక్క మగ్గం ఇచ్చారు."

అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడ్డ పిన్నికి మొత్తం అర్థమైంది. ఎదురింటి పిన్ని. కుడిచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయిన మనిషి. రిజిస్టరులో 'సొంత అజాగ్రత్త' అని రాయించుకున్న మనిషి.

"అక్కా," అంది పిన్ని, గొంతు లేకుండా. "నువ్వు చూశావా?"

పెద్దమ్మ తల దించుకుంది. పిన్ని ఎడంచేత్తో ఆమె గడ్డం పైకెత్తింది.

"మేస్త్రీ చెబితేనే చెయ్యి పెట్టానంటే, జ్వరంలో కలగన్నావన్నారు. నమ్మాను. ఇరవయ్యారేళ్ళుగా మా ఆయన కంచం ముందు కూర్చుని, ఉన్న చెయ్యన్నా చూసుకుని పెట్టవే అంటాడు. నిజమే, నా పొరపాటే కదా అనుకున్నాను." గడ్డం వదలకుండానే అడిగింది. "కిటికీలోంచి ఏం కనపడేది?"

"సైకిల్ స్టాండు."

పిన్ని నవ్వింది. ఆ నవ్వు చూడలేక అమ్మాయి రికార్డరు వంక చూసింది.

"పన్నెండు కావస్తోంది. ఆగగానే గొంతెత్తి చెప్పు," అంది పిన్ని.

"చెబుతానే. ఒట్టు."

పన్నెండయింది. మగ్గాలు ఆగలేదు. పన్నెండున్నరయింది. ఒకటయింది. పెద్దమ్మ గుండె మీద దిండు అదుముకుంది, దుప్పట్లు చుట్టుకుంది, గొంతు పగిలేలా అరిచింది. అయిదున్నర దాటింది. ఎన్నడూ లేనిది, షెడ్డు షెడ్డంతా ఇంకా జోరుగా ఆడుతోంది. అమ్మాయి రికార్డరు తిప్పి వినిపించింది. ఒక్క మాట లేదు. టకటక, అంతే.

వీధి చివర బండి హారన్ కొట్టింది. "క్షమించండి పిన్నిగారూ," అని అమ్మాయి పరుగెత్తింది.

పిన్ని వెళ్ళలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "మళ్ళీ చెప్పు."

"ఎవరికి వినపడుతుందే ఇప్పుడు?"

"నాకు కనపడుతోంది కదా. మేస్త్రీ ఎలా అన్నాడో అలాగే అను."

పెద్దమ్మ పెదాలు కదిపింది. "ఆపకు. చెయ్యి పెట్టు."

"మళ్ళీ."

ఏడుస్తూ మళ్ళీ అంది పెద్దమ్మ. పిన్ని భర్త గుమ్మంలోకొచ్చి, "అన్నం ఎవరు పెడతారే?" అని అరిచాడు.

పిన్ని వెనక్కి తిరగలేదు. "రెండు చేతులున్నాయిగా, వడ్డించుకో," అంది, మోతను మించి వినపడేలా. పెద్దమ్మ మొహం మీంచి చూపు మాత్రం తిప్పలేదు.

"మళ్ళీ అను అక్కా. రేపు పొద్దున్నే వస్తాను, రేపూ అందువుగాని."