పుట్టీ మెడలో బకెట్

నేను ఒక పెయింట్ బకెట్‌ని. ఇరవై లీటర్లు పట్టేదాన్ని అని చెప్పుకుంటే ఇప్పుడెవరూ నమ్మరు, ఎందుకంటే నాలో చెంచాడు నీళ్లు కూడా నిలవవు. నాకు అడుగు లేదు. చూసినవాళ్లు ‘అయ్యో, పాడైపోయిందే’ అంటారు. పాడవలేదు, కోశారు. ఎవరు కోశారో, ఎందుకు కోశారో చెబుతాను. ఏడుస్తూ చెబుతానని మాత్రం ఎదురుచూడకండి. ప్లాస్టిక్‌కి ఏ బాధా అంటదు. నేనున్న ఇంటి మనిషికి కూడా చాలా నెలలు ఏదీ అంటలేదు, కాబట్టి మా ఇద్దరికీ బాగానే పొసగింది.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో గింజల్లాంటి ప్లాస్టిక్‌ని కరిగించి, అచ్చులో నొక్కి, చల్లార్చి, ఒక ఇనుప తీగ తగిలించి నన్ను బయటికి తోశారు. తెల్ల ప్రైమర్ నింపి మూత బిగించారు. హన్మకొండలో ఒక కొత్త ఇంటికి చేరాను. వారం రోజుల్లో నాలో ఉన్నదంతా గోడల మీదికి పోయింది.

పెయింటర్లలో ఒక కట్టుబాటు ఉంది. రంగు ఇంటివాళ్లది, ఖాళీ బకెట్ పెయింటర్‌ది. ఇది ఏ కాగితం మీదా రాసి ఉండదు. అందుకే మేడలు కట్టుకున్నవాళ్లు కూడా పని ముగిసే రోజున ఖాళీ బకెట్ల చుట్టూ తిరుగుతుంటారు. ఆ ఇంటి ఇల్లాలు బట్టలు నానబెట్టుకోవడానికి నా మీద కన్నేసింది. పెయింటర్ మొగిలి అంతకంటే తెలివైనవాడు. పొద్దున్నే తన బ్రష్షులు, గరుకు కాగితాలు, కిరసనాయిలు గుడ్డలు నాలో సర్దేశాడు. సామాను ఉన్న బకెట్‌ని లాక్కోవడానికి ఆవిడకి మొహం చెల్లలేదు. అలా నేను మొగిలి దాన్నయ్యాను.

వరంగల్‌లో రైలు గేటు అవతల, కనకయ్య అనే పెద్దమనిషి ఇంటి ఆవరణలో, ఒక గది, ఒక అరుగు ఉన్న వాటాలో మొగిలి, అతని భార్య స్వరూప అద్దెకు ఉండేవాళ్లు. పిల్లలు లేరు. మొగిలి రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, నాలోంచి కిరసనాయిలు గుడ్డ తీసి చేతులకంటిన రంగు తుడుచుకునేవాడు.

“ఆ చేతులతోని అన్నం ఎట్ల తింటవయ్యా? ఇల్లంత గాసునూనె వాసనే,” అని స్వరూప ముక్కు మూసుకునేది.

“గాసునూనెకు పోని మరక లేదే,” అనేవాడు మొగిలి. ఆమె సణిగేది, అతను నవ్వేవాడు. మూడేళ్లు ఇదే మాట విన్నాను. మనుషులకు ఒకే మాట రోజూ చెప్పుకోవడం ఇష్టమని అప్పుడే తెలుసుకున్నాను.

ఒకరోజు బ్రష్షుల మీద గుడ్డ పరిచి, దాని మీద ఒక కుక్కపిల్లని కూర్చోబెట్టి ఇంటికి తెచ్చాడు. కడుతున్న ఇంట్లో, రంగుకి ముందు గోడకి పూసే పుట్టీ పిండి సంచిలో దూరి, ఒళ్లంతా పిండి చేసుకుని దొరికిందట. కడిగితే నల్లగానో ఎర్రగానో తేలుతుందనుకున్నారు. కడిగినా తెల్లగానే ఉంది. పేరు పుట్టీ అని పెట్టారు.

మొగిలి మధ్యాహ్నాలు పనిలో నడుం వాల్చడానికి ఒక చెద్దర్ తీసుకెళ్లేవాడు. నీలం, పసుపు, గులాబీ చుక్కలు పడిన పాత దుప్పటి. వరంగల్‌లో ఎన్ని ఇళ్లకు రంగు వేశాడో దాని మీద లెక్క చూసుకోవచ్చు. పోయిన దసరాకి ముందు, పని తీరిక లేని రోజుల్లో, మూడో అంతస్తు బయట కట్టిన కర్రల మీది నుంచి మొగిలి పడ్డాడు. నేను కింద ఉన్నాను. చూశాను. ఎవరో నన్నూ చెద్దర్‌నీ తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లారు.

పదకొండో రోజున పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచరట. మొగిలి తమ్ముడు ఓదెలు షర్టులు, లుంగీలు మూట కట్టి, “ఇంకేమన్న ఉన్నయా వదినా?” అని అడిగాడు.

“లేవు,” అంది స్వరూప.

చెద్దర్ బియ్యం డబ్బా వెనక ఉంది. అక్కడ కుక్కింది ఆమే. ఆ పూట అబద్ధం చెప్పేటప్పుడు ఆమె మొహం ఎలా ఉందో, అంతకు ముందు రోజూ అలాగే ఉంది, తర్వాత రోజూ అలాగే ఉంది. ఏడవలేదు. ఆడవాళ్లు భుజాలు పట్టి కుదిపారు, ఏడవమని బతిమాలారు. ఆమె వాళ్లకి చాయ్ పెట్టింది. మూడో వారం నుంచి హాస్టల్లో వంటపనికి పోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం వచ్చి, తిని, గిన్నెలు కడిగి, గోడకి ఆనుకుని కూర్చునేది.

పుట్టీ ఒకనాడు డబ్బా వెనక నుంచి చెద్దర్‌ని లాక్కొచ్చి దాని మీద ముడుచుకుంది. స్వరూప కొట్టలేదు. పక్కన కూర్చుని, ఒక కొస ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వదిలేసింది. ఆ తర్వాత రోజూ అంతే. కొస పట్టుకోవడం, వాసన చూడటం, వదిలేయడం.

సంక్రాంతి దాటాక పుట్టీ గోక్కోవడం మొదలుపెట్టింది. మొదట్లో అన్ని కుక్కలూ గోక్కున్నట్టే గోక్కుంది. తర్వాత అదే పని అయింది. వెనక్కి తిరిగి తోక మొదలు కొరుక్కునేది, కాలు నేలకి తగిలి టకటకమని చప్పుడు. ఆ ఇంట్లో వేరే చప్పుడు లేదు కాబట్టి మూడిళ్ల అవతలికి వినిపించేది. నడుం మీద వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి, రసి కారింది.

మనిషికి జ్వరమొస్తే పలకరించనివాళ్లు కూడా కుక్క గోక్కుంటే మందు చెబుతారు. కనకయ్య భార్య వేపాకు నీళ్లంది. ఎదురింటివాళ్లు బట్టల సబ్బుతో రోజూ రుద్దమన్నారు. స్వరూప అన్నీ చేసింది. చర్మం ఎండిపోయి, గోకుడు ఎక్కువైంది. చివరికి ఆమె తనకి తెలిసిన ఒకే ఒక్క మందు తీసింది. నాలో ఉన్న గుడ్డని కిరసనాయిలులో ముంచి పుట్టీ వీపంతా తుడిచింది. పోని మరక లేదని మూడేళ్లు విన్నది కదా. పుట్టీ అరుస్తూ ఆవరణంతా పరిగెత్తింది. స్వరూప గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ అరుపుకి కనకయ్య బయటికొచ్చాడు. చెడ్డవాడు కాదు. మొగిలి పోయాక అద్దె మాట ఎత్తనివాడు.

“బిడ్డా, దానికి గజ్జి లేసింది. ఉగాది దాటంగనే నా బిడ్డ కాన్పుకు వస్తది. పసిగుడ్డు ఉండే ఇల్లు. అప్పటికి తక్కువైతే సరే, లేకుంటే కుక్కల బండికి ఫోన్ చేస్త. నన్ను తప్పు పట్టకు.”

“సరే బాపూ,” అంది స్వరూప. ఉగాదికి ఇంకా నెల పైన ఉంది.

మర్నాడు నన్ను ఖాళీ చేసి సబ్బుతో కడిగి, నాలో నీళ్ల సీసా, రొట్టె ముక్క పెట్టుకుని, పుట్టీని తాడుతో నడిపించుకుంటూ పశువుల దవాఖానకి వెళ్లింది. డాక్టర్ తబస్సుమ్ చిన్న వయసు మనిషి. గొర్రెలకి సూదులు వేసి వేసి గొంతు పెద్దదైంది.

“ఎక్కడ ఎక్కువ గోక్కుంటది?”

“తోక మొదట్ల, మేడం. తొడలకాడ.”

“ఎక్కడ గోక్కుంటదో చూస్తే సగం సంగతి అదే చెప్తది. చెవులైతే చెవులల్ల పురుగు చూస్త. పాదాలు నాకుతుంటే తిండి అడుగుత. తోక మొదలంటే ముందు దుంకే కుక్కపేలు చూడాలె.” డాక్టరమ్మ పుట్టీ వెంట్రుకల్లోంచి నల్లటి నలకలు తడి దూదిలోకి దులిపింది. కాసేపటికి దూది మీద ఎర్ర మరకలు తేలాయి. “చూసినవా? మట్టి అయితే ఎర్రగ కాదు. ఇది పేల పెంట, తాగిన రక్తం. గజ్జి కాదిది. మరి ఈ కాలిన గాయం ఏంది?”

“గాసునూనె,” అంది స్వరూప.

డాక్టరమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను. నాకితే లోపలికి పోయి చచ్చిపోయేదని, బట్టల సబ్బు కూడా ముట్టించొద్దని చెప్పింది. మెడ వెనక వేసే చుక్కల మందు వేసింది, పుండ్లకి పూత మందు ఇచ్చింది. కొరుక్కోకుండా మెడకి గొట్టం కట్టాలంది. దవాఖానలో దాని సైజుది లేదు. అప్పుడు ఆవిడ చూపు నా మీద పడింది.

“ఈ బకెట్ అడుగు కోసి, అంచుకు గుడ్డ కుట్టి తొడుగు. అన్ని కుక్కలూ రెండు రోజులు కొట్లాడ్తయి, జాలిపడి తియ్యకు. ఇంకొక్క మాట. పేలు కుక్క మీద కొన్నే ఉంటయి, గుడ్లన్నీ పడకల రాల్తయి. ఇది దేని మీద పంటది?”

స్వరూప పుట్టీ తాడు సరిచేసింది. “గోనె సంచి మీద.”

“అది కాలవెట్టు,” అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి స్వరూప కూరలు కోసే కత్తిని పొయ్యి మీద కాల్చి నా అడుగు కోసింది. నొప్పి ఏమీ లేదు. కోస్తున్న ఆమెకి కూడా ఏమీ ఉన్నట్టు లేదు. అంచుకి పాత చీర పేలిక కుట్టి పుట్టీ మెడకి తొడిగింది. ఒకప్పుడు ఆ కుక్క నాలో కూర్చుని ఆ ఇంటికి వచ్చింది, ఇప్పుడు నేను దాని మెడ ఎక్కాను. పుట్టీ కొట్లాడలేదు. నాలోకి ముక్కు పెట్టి రెండు మూడు సార్లు గట్టిగా పీల్చి, తల వాల్చి పడుకుంది. డాక్టరమ్మ చెప్పింది ఈ కుక్క విషయంలో తప్పిందే అనుకున్నాను. ఎందుకు తప్పిందో నేనూ ఆలోచించలేదు.

పడుకున్నది చెద్దర్ మీదే. స్వరూప వీధిలోంచి ఒక గోనె సంచి తెచ్చి కాల్చింది. ఎవరిని నమ్మించడానికో నాకు తెలియదు. అక్కడ చూసేవాళ్లెవరూ లేరు.

పది రోజులు నెమ్మదించింది. తర్వాత మళ్లీ మొదలు. నోరు అందక పుట్టీ గోడకి రుద్దుకునేది. రుద్దుకున్న చోట గోడ మీద ఎర్రటి చార పడింది. ఉగాది పన్నెండు రోజుల్లోకి వచ్చింది. మళ్లీ దవాఖానకి వెళ్లాం. దూదిలో మళ్లీ ఎర్ర మరకలు.

“మందు పనిచేసింది. కొత్త పేలు ఎక్కుతున్నయి,” అంది డాక్టరమ్మ, ఈసారి గొంతు తగ్గించి. “ఇంట్ల ఇంకేదో ఉన్నది, అక్కా. నువ్వు చెప్తలేవు.”

స్వరూప నేల చూసింది. “మా ఆయన చెద్దర్. పోయినప్పటి నుంచి ఉతకలే. ఉతికితే ఇంకేం ఉండది.”

డాక్టరమ్మ చీటీ రాస్తూ అంది: “మసిలే నీళ్లల్ల నానబెట్టాలె. ఎండల ఆరెయ్యాలె. మూలమూల ఊడ్వాలె. వారానికోసారి మళ్లీ అట్లనే. లేకుంటే కుక్కకు ఎన్ని చుక్కలు వేసినా నీళ్లపాలే.”

ఆ మధ్యాహ్నం స్వరూప చెద్దర్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పుట్టీ ఎదురుగా గోడకి రుద్దుకుంటూనే ఉంది. ఆమె చెద్దర్‌ని చూసేది, కుక్కని చూసేది. చివరికి లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. నానబెట్టడానికి బకెట్ కోసం చుట్టూ చూసింది. ఉన్న ఒక్క పెద్ద బకెట్ కుక్క మెడలో ఉంది, దానికి అడుగు లేదు. కనకయ్య ఇంటికి వెళ్లి తొట్టి అడిగి తెచ్చింది.

మసిలే నీళ్లు పోసింది. ఆవిరితో పాటు మొగిలి వాసన ఒక్కసారి గుప్పుమని లేచింది, ఆ తర్వాత సబ్బు వాసన వచ్చింది. ఆమె పిండింది, జాడించింది, తీగ మీద ఆరేసింది. రంగు చుక్కలు పోలేదు, ఎండిన రంగు నీళ్లకి కరగదు. సాయంత్రం చెద్దర్ తీసి కొస ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండ వాసన, సబ్బు వాసన. మడిచి పక్కన పెట్టింది. పుట్టీ వచ్చి చెద్దర్ చుట్టూ మూడు సార్లు తిరిగి, వెతికి, దొరక్క వట్టి నేల మీద పడుకుంది.

వారం వారం ఉతికింది. ఉగాది పచ్చడి గిన్నెతో వచ్చిన కనకయ్య పుట్టీ వీపు మీద చేతులతో వెంట్రుకలు విడదీసి చూశాడు. పుండ్లు ఎండి, సన్నటి నూగు మొలుస్తోంది.

“ఉండనీ బిడ్డా. మంచిగనే ఉన్నది,” అన్నాడు.

అతని కూతురు వచ్చింది. గోకుడు చప్పుడు ఆగింది. ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. నాతో పని అయిపోయింది. నన్ను మెడ నుంచి తీసి అరుగు కింద పెట్టారు.

ఒక పొద్దున పాత సామాన్ల బండి వచ్చింది. “అక్కా, ప్లాస్టిక్ ఉంటే ఇయ్యి,” అని బండివాడు కేకేశాడు. స్వరూప నన్ను బయటికి తెచ్చింది. లోపల పుట్టీ వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. వాటిని దులపడానికి ఒళ్లో పెట్టుకుని నాలోకి వంగింది.

వంగి, అలాగే ఆగిపోయింది.

మూడేళ్లు కిరసనాయిలు గుడ్డలు, బ్రష్షులు, చెమట పట్టిన మొగిలి చేతులు నాలోనే మెదిలాయి. సబ్బుతో కడిగితే పోయే వాసన కాదది. ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయింది. పుట్టీకి నన్ను మెడకి తొడిగిన రోజే తెలిసింది. నన్నెవరూ అడగలేదు, అడిగినా చెప్పడానికి నాకు నోరు లేదు.

“ఇస్తవా అక్కా, పోవాలె?” అన్నాడు బండివాడు.

ఆమె నాలో మొహం పెట్టుకుని ఏడ్చింది. భర్త పోయిన ఏడో నెలలో, నడి వీధిలో, వెక్కి వెక్కి ఏడ్చింది. బండివాడు కాసేపు నిలబడి, బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. నేను ఇరవై లీటర్లు పట్టేదాన్ని. అడుగు ఉంటే కొన్ని కన్నీళ్లైనా నిలిపేదాన్ని. అవన్నీ నాలోంచి జారి నేల మీద పడ్డాయి. పుట్టీ వచ్చి ఆ తడిని వాసన చూసి, అక్కడే పడుకుంది.