పెద్దక్షరాల పంచాయితీ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది సంగతి. మా సిద్దిరాములు మామకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. నాలుగైదు రోజులకు మించి బతకడని దవాఖానలో చెప్పేశారు. మడికొండలో మగ్గం నేస్తూ ఆయన ఎన్నో పాటలు కట్టాడు. అప్పటికే వాటిని పుస్తకంగా వేస్తున్నాం. "బుక్కు ఒక్కసారి సూసి పోత అల్లుడా" అన్నాడు. నేను పనిచేసే వరంగల్ స్టేషన్ రోడ్డు ప్రెస్సులో లోపలి పేజీలన్నీ నేనే సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేశాను. అట్ట ఒక్కటే మిగిలింది. అక్కడే కొంప మునిగింది.

పుస్తకం వేయిస్తున్న వకీలు రాజేశ్వర్ రావు ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చాడు.

"సూడు ఉప్పలయ్యా, అట్ట మీద ప్రతి మాటకు మొదటి అక్షరం పెద్దగుంటది. చిన్న మాటలకు అక్కర్లే. మనం గూడ గట్లనే చేద్దాం."

'మగ్గం మీది పాటలు'లో 'మ', 'పా' పెద్దవి పెట్టాను. బోదకాలు వచ్చినట్టు కనబడ్డాయి.

"తెలుగుల పెద్దక్షరం, చిన్నక్షరం యాడున్నయి దొరా?" అన్నాను.

'మీది' చిన్న మాటా కాదా అని ఒక పూట గడిచింది. మగ్గం అన్న మాట మొత్తం పెద్దగా ఉండాలని ప్రెస్సు యజమాని వెంకట్రాజం పట్టుబట్టాడు. నేనేం తక్కువ తిన్నానా? అన్నీ ఒకే సైజులో ఉండాల్సిందేనని పని ఆపి కూర్చున్నాను. మూడు రోజులు! ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగో రోజు పొద్దున లచ్చవ్వత్త ప్రెస్సుకు వచ్చి నా చేతులు పట్టుకుంది.

"మీ మామకు మాట పడిపోతాంది. బుక్కు, బుక్కు అంటాండు. జర జల్ది ఇయ్యి బిడ్డా."

పంచాయితీ అక్కడితో తెగిపోయింది. ఒకే సైజులో పేర్చి, ఒక్క ప్రతికి అట్ట కుట్టి, అత్తను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని మడికొండ దాకా ఆగకుండా తొక్కాను.

మామ అట్ట మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "మగ్గం... మీది... పాటలు." ముఖం వెలిగింది. వేలు కిందికి జరిగింది. అట్ట అంచు దాకా పోయింది. పుస్తకం తిప్పి వెనక కూడా చూశాడు.

"నా పేరేది, అల్లుడా?"

మూడు మాటల కోసం మూడు రోజులు కొట్టుకున్నాం. పాటలు కట్టినవాడి పేరు వేయాలని మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"యాది మరిసిన మామా, ఇప్పుడే తెస్త" అని ఏడుస్తూనే మళ్లీ సైకిల్ ఎక్కాను. ప్రెస్సులో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఆయన పేరు పేర్చి కొత్త అట్ట వేశాను. ఎవరూ కాదనలేదు.

తిరిగి వచ్చేసరికి మామను వాకిట్లో పడుకోబెట్టారు. సిరా ఇంకా ఆరలేదు. ఆయన వేలు పట్టుకుని ఆ పేరు మీద ఆనించాను. నల్లగా అంటుకుంది.

స్నానం పోసేటప్పుడు ఆ వేలు మాత్రం లచ్చవ్వత్త కడగనియ్యలేదు.