పచ్చ తీగ లావు

ఎలక్ట్రీషియన్ మారిసామి పాత ఎర్త్ తీగను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మోటారు లావైంది, బ్రేకరు లావైంది, ఈ పచ్చ తీగ ఒక్కటే ఉపవాసంలో ఉంది. ఈ తమిళనాడు కోవిల్‌పట్టిలో అందరూ చేసేదే: పనిచేసే ఎర్ర తీగకు పరమాన్నం, పని పడని పచ్చ తీగకు పస్తు.

కడలైమిఠాయి, అంటే పల్లీపట్టీ, చేసే షెడ్డు కొన్నవాళ్ళు వేరుశనగ పొట్టు తీసే యంత్రానికి నిన్న పెద్ద మోటారు దించారు. షెడ్డు అమ్మిన పేచ్చియమ్మాళ్ మూటల మధ్య కూర్చుని ఉంది. సాయంత్రం కూతురు వ్యాన్లో వచ్చి ఆమెను విరుదునగర్ తీసుకుపోతుంది.

"ఏమప్పా తమ్ముడూ, ఆ తీగే సాలదా? ఇన్నాళ్ళూ ఊరికేనే గదా పడుండాది."

"ఊరికే ఉండేదానికే దాన్ని పెట్టేది అక్కా. కరెంటు దోవ తప్పి మిషను ఒంటికెక్కితే, బ్రేకరు పడేదాకా దాన్ని బూమిలోకి దించేది ఇదే. బ్రేకరు పెద్దదయితే ఇదీ లావుండాల. లేదంటే ముందు ఇదే కాలిపోతాది. అప్పుడు మిషను ముట్టినోళ్ళు..."

"సరి సరి. నీకు నాతో మాట్లాడేదానికి సాకు కావాల, అంతే."

నిజమే. భార్య పోయాక అతని ఇంట్లో తెలుగూ పోయింది. బజారులో తమిళం, బస్సులో తమిళం. అమ్మ నేర్పిన మాటలకు మిగిలిన ఒకే ఒక్క ప్లగ్ పాయింటు ఈ షెడ్డు. అందుకే వచ్చినప్పుడల్లా ఏదో ఒక స్క్రూ వదులుగా వదిలి వెళ్ళేవాడు, మళ్ళీ రావడానికి. వీడికే ఒక స్క్రూ లూజని జనం నవ్వేవారు. ఆమెకు సంగతి తెలుసు, ఎన్నడూ అడగలేదు.

ఈ రోజు ఏ స్క్రూనూ వదులుగా మిగల్చే పని లేదు. రేపటినుంచి ఆ యంత్రాన్ని ముట్టే ఆడవాళ్ళెవరో అతనికి తెలియదు. అయినా బ్రేకరు మీది అంకె చూసి, దానికి తగిన లావు తీగ చుట్ట విప్పాడు. యంత్రం ఒంటికి బిగించి, గోడ వెంబడి క్లిప్పులు కొట్టుకుంటూ పెరట్లోని ఎర్త్ గుంత దాకా తీసుకుపోయాడు. నల్లరేగడి ఎండకు పగిలి నోరు తెరిచింది. ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పోశాడు. ప్రతి బోల్టునూ ఇక తిరగనని మొండికేసేదాకా బిగించాడు.

ముందువైపు వ్యాను హారన్ మోగింది. లేచి వెళ్ళాలనుకున్నాడు. వెళితే ఏ మాట అనాలో తోచక, బిగిసిన బోల్టునే మళ్ళీ బిగించాడు.

"అక్కా, స్విచ్చి ఎయ్యి," అన్నాడు గుంత దగ్గర్నుంచే. ఎప్పుడూ ఆమే వేసేది.

యంత్రం కదల్లేదు.

"ఎయ్యక్కా."

లోపలికి వచ్చి తానే వేశాడు. యంత్రం తిరిగింది. దాని ఒంటికి టెస్టర్ ఆనించాడు, వెలగలేదు; ఒంట్లో కరెంటు లేదు. మూటలున్న చోట నేల ఖాళీగా ఉంది. కిటికీ గట్టు మీద మూత పెట్టిన స్టీలు గ్లాసు, అందులో ఇంకా వెచ్చగా ఉన్న కాఫీ, అంచు కింద తమిళ అక్షరాల్లో చెక్కిన ఆమె పేరు.